నాలుగు ఫొటోల్లో కదిలిన చుక్కకు పేరు ఎప్పుడు వస్తుంది?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా కాలేజీ జట్టు గ్రహశకలాల వెతుకులాట కార్యక్రమంలో పాల్గొంది. నెల రోజుల పాటు టెలిస్కోప్ ఫొటోలు చూశాం. మేం పంపినవాటిలో ఒకదానికి 'ప్రాథమిక గుర్తింపు' అని సర్టిఫికెట్ వచ్చింది. అది మెయిన్ బెల్ట్‌లోదట. దానికి మా అమ్మమ్మ పేరు పెట్టొచ్చా? ఎవరికి రాయాలి? ఎన్నాళ్లు పడుతుంది?"

ముందు సూటిగా చెప్పేస్తాను. అమ్మమ్మ పేరు పెట్టడానికి నిబంధనలు అడ్డు రావు. అయితే ఇప్పుడే ఎవరికీ రాయాల్సిన పని లేదు, ఎందుకంటే మీ దగ్గర ఉన్నది ఒక రాత్రి నాటి కదలిక మాత్రమే. దానికి కక్ష్య తేలాలి. కక్ష్య గట్టిగా తేలితే నంబరు ఇస్తారు. నంబరు వచ్చాకే పేరు మాట. ఈ వరస ఎవరి కోసమూ మారదు. అన్నీ కలిసొస్తే ఐదారేళ్లు పడుతుంది, పదేళ్లు దాటినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

నేను పద్దెనిమిదేళ్లుగా గ్రహశకలాల స్థానాలు కొలిచి పంపుతున్నాను. కొత్తవి వెతకడం కంటే, ఎవరో ఒకరు కనిపెట్టినవి చేజారిపోకుండా రెండో రాత్రి, మూడో రాత్రి, మరుసటి ఏడాది పట్టుకోవడమే నేను ఎక్కువగా చేసే పని. అందుకే మీ ప్రశ్నలో పేరు కంటే ముందు నా కళ్లు రెండో రాత్రి కోసం వెతికాయి. అది మీ ప్రశ్నలో లేదు. సర్టిఫికెట్‌లోనూ ఉండి ఉండదు. అసలు విషయమంతా అక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మీరు చూసినదాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. ఆకాశంలో ఒకే చోటును పది పన్నెండు నిమిషాల తేడాతో నాలుగుసార్లు తీసిన ఫొటోలు మీకు ఇచ్చి ఉంటారు. నాలుగింటినీ నక్షత్రాలు కలిసేలా ఒకదానిమీద ఒకటి పరిచి, సాఫ్ట్‌వేర్‌లో గబగబా తిప్పి చూపిస్తే నక్షత్రాలన్నీ మేకు కొట్టినట్టు నిలబడిపోతాయి. వాటి మధ్య ఒక మసక చుక్క మాత్రం మూడు గెంతులు వేస్తుంది. మెయిన్ బెల్ట్ అంటే అంగారకుడికీ గురుడికీ మధ్య, సూర్యుడి నుంచి భూమి ఉన్న దూరానికి సుమారు 2.1 నుంచి 3.3 రెట్ల దూరంలో ఉన్న పట్టీ. అక్కడి వస్తువు సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్న రోజుల్లో నిమిషానికి అర ఆర్క్ సెకను కంటే కొంచెం ఎక్కువ జరుగుతుంది. డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఆర్క్ సెకను. అంటే నలభై నిమిషాల్లో ఇరవై పైచిలుకు ఆర్క్ సెకన్లు. పున్నమి చంద్రుడి వెడల్పంత దూరం జరగడానికి దానికి రెండు రోజులు దాటుతుంది. పైగా ఆ రోజుల్లో భూమి దాన్ని పక్కనుంచి దాటుకుని వెళ్తుంటుంది కాబట్టి, అది వెనక్కి, పడమరకు నడుస్తున్నట్టు కనిపిస్తుంది. మనం వక్రగతి అనేది దీన్నే.

మూడు గెంతులూ ఒకే దూరం ఉండాలి, ఒకే గీత మీద ఉండాలి, చుక్క వెలుగు నాలుగు ఫొటోల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉండాలి, దాని ఆకారం పక్కన ఉన్న మసక నక్షత్రాల ఆకారంలాగే ఉండాలి. ఇందులో ఏది తేడా కొట్టినా అది కెమెరా చేసిన మాయే కావొచ్చు. కొత్తగా చూసేవాళ్లు తరచూ పొరబడేది ఒకచోట ఉంది. కెమెరాలో ఎప్పుడూ వెలుగుతూ ఉండే పాడైన పిక్సెల్ అసలు కదలదు. కానీ ఫొటోకూ ఫొటోకూ మధ్య టెలిస్కోప్ కొంచెం పక్కకు జరిగితే, నక్షత్రాలను కలిపి పరిచినప్పుడు ఆ పిక్సెలే కదిలినట్టు కనిపిస్తుంది, అదీ చాలా చక్కగా, గీత గీసినట్టు. అదే ఫొటోలో ఇంకో రెండు చుక్కలు కూడా అచ్చం అదే దిక్కుకు అంతే దూరం గెంతుతుంటే అది గ్రహశకలం కాదని తేల్చేయొచ్చు. మీ చుక్కకు సర్టిఫికెట్ ఇచ్చారంటే ఈ పరీక్షలన్నీ దాటే ఉంటుంది. నిజంగా ఆకాశంలో ఉన్నదాన్నే మీరు పట్టుకున్నారనుకుందాం.

మరి ఆ ఒక్క రాత్రి ఎందుకు చాలదు?

ఒక కక్ష్యను పూర్తిగా చెప్పాలంటే ఆరు అంకెలు కావాలి. అది ఎంత పెద్దది, ఎంత కోలగా ఉంది, ఎంత వాలి ఉంది, ఆ వాలు ఏ దిక్కుకు తిరిగి ఉంది, సూర్యుడికి దగ్గరగా వచ్చే చోటు ఏ వైపు ఉంది, ఈ క్షణంలో వస్తువు ఆ దారిలో ఎక్కడ ఉంది. ఒక రాత్రి నలభై నిమిషాల కొలతలు మనకు ఇచ్చేవి నాలుగే. ఆకాశంలో ఎక్కడుందో చెప్పే రెండు అంకెలు, ఎటువైపు ఎంత వేగంగా జరుగుతోందో చెప్పే ఇంకో రెండు. అది మన నుంచి ఎంత దూరంలో ఉంది, మనవైపు వస్తోందా పోతోందా అనే రెండూ తెలియవు. నాలుగు అంకెలతో ఆరు తెలియనివాటిని తేల్చలేం కదా. అందుకే ఆ నాలుగు ఫొటోలకు సరిపోయే కక్ష్యలు వేలకు వేలు ఉంటాయి. మెయిన్ బెల్ట్‌లోది అన్నది కూడా వేగాన్ని బట్టి చేసిన అంచనానే. మంచి అంచనానే, చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ వారం తర్వాత ఏ రాత్రి ఎక్కడ వెతకాలో అది చెప్పలేదు.

ఈ చిక్కు మొట్టమొదటి గ్రహశకలంతోనే మొదలైంది. 1801 జనవరి 1 రాత్రి సిసిలీలోని పలెర్మోలో జుసెప్పె పియాజ్జి నక్షత్రాల పట్టిక తయారు చేస్తూ, తర్వాతి రాత్రుల్లో చోటు మారిన ఒక చుక్కను గమనించాడు. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే వదలకపోవడం. జబ్బు పడి ఆపేదాకా, ఫిబ్రవరి 11 వరకు, మొత్తం 24 సార్లు కొలిచాడు. ఆ తర్వాత అది సూర్యుడి వెలుగులో మునిగిపోయింది. మళ్లీ బయటికి వచ్చేసరికి ఎక్కడుంటుందో యూరప్‌లో ఎవరికీ తెలియదు. అప్పుడు 24 ఏళ్ల జర్మన్ గణితవేత్త గౌస్ ఆ కొద్ది రోజుల కొలతలతోనే కక్ష్య కట్టే పద్ధతి కనిపెట్టి, ఇక్కడ వెతకండి అని చెప్పాడు. 1801 డిసెంబర్ 31న ఫాన్ జాక్, మర్నాడు ఓల్బర్స్ దాన్ని మళ్లీ చూశారు. అదే సీరెస్. పియాజ్జి చూశాడు, గౌస్ దొరకబట్టాడు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా మనకు సీరెస్ లేదు. నా దృష్టిలో గ్రహశకలం కనిపెట్టడం అంటే ఈ రెండూ కలిసిన పని. చుక్కను చూసిన క్షణం అందులో సగం కూడా కాదు.

కొలత ఎంత కచ్చితంగా ఉండాలో నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక చలికాలంలో నా కొలతలన్నీ వరుసగా తేడా చూపించడం మొదలుపెట్టాయి. మామూలుగా తెలిసిన గ్రహశకలాలను కొలిస్తే లెక్క ప్రకారం ఉండాల్సిన చోటుకీ నా కొలతకీ తేడా 0.3 ఆర్క్ సెకన్ల లోపు ఉండేది. ఆ వారం అది ఒక ఆర్క్ సెకను దాటింది. మొదట లెన్సుల మీద, తర్వాత నక్షత్రాల పట్టిక మీద అనుమానపడ్డాను. చివరికి తేడాలను ఒక కాగితం మీద బాణాలుగా గీస్తే విషయం బయటపడింది. నక్షత్రాల పట్టికలో తప్పుంటే బాణాలన్నీ ఒకే దిక్కు చూపించాలి. నా బాణాలు అలా లేవు. ఒక్కో గ్రహశకలం ఎటు నడుస్తోందో దాని బాణం అటే ఉంది. అంటే అన్నీ తమ తమ దారుల్లో కొంచెం ముందుకు నడిచేశాయి. కంప్యూటర్ గడియారం దాదాపు రెండు నిమిషాలు వెనకబడి ఉంది! ఫొటో తీసిన సమయం తప్పు పడితే చోటు కూడా తప్పు పడుతుంది. అప్పటికే వారం రోజుల రిపోర్టులు పంపేశాను. అన్నీ వెనక్కి తీసుకుని, సరిచేసి మళ్లీ పంపాను. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది, ఎందుకంటే వాటిలో ఒకటి కొత్త వస్తువు. ఆ తప్పుడు సమయంతో కట్టిన కక్ష్యను నమ్ముకుని మరొకరు మర్నాటి రాత్రి ఖాళీ ఆకాశాన్ని వెతికేవారు. అప్పటి నుంచి టెలిస్కోప్ మూత తీయకముందే గడియారం సరిచూసుకుంటాను.

ఇప్పుడు మీ చుక్క దగ్గరికి వద్దాం. మీ కార్యక్రమం వాళ్లు ఆ నాలుగు కొలతలను మైనర్ ప్లానెట్ సెంటర్‌కు పంపి ఉంటారు. ప్రపంచంలో ఎవరు ఏ గ్రహశకలాన్ని కొలిచినా లెక్క చేరేది అక్కడికే. 1947లో సిన్సినాటిలో మొదలై, 1978 నుంచి అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఉంది. వచ్చిన కొలత తెలిసిన వస్తువుది కాకపోతే, రెండో రాత్రి జత దొరికేదాకా దాన్ని ఒంటరి కొలతల ఫైలులో ఉంచుతారు. ఆ ఫైలులో లక్షల సంఖ్యలో చుక్కలు జత కోసం ఎదురుచూస్తున్నాయి. మీది కూడా బహుశా అక్కడే ఉంటుంది. ఏదో ఒక రోజు వేరే రాత్రి కొలత దానితో కలిస్తే తాత్కాలిక గుర్తు వస్తుంది. అది వచ్చిన రోజు సంతోషపడండి, ఆ సంతోషానికి అర్థముంది.

తాత్కాలిక గుర్తు చదవడం తెలిస్తే అదొక చిన్న కథలా ఉంటుంది. దాన్ని ఒక నిజమైన ఉదాహరణతో చెబుతాను, నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ.

1928లో షికాగోలో చదువుకుంటున్న చైనా విద్యార్థి జాంగ్ యూజె, యెర్కిస్ అబ్జర్వేటరీలో ఒక కొత్త గ్రహశకలాన్ని కనిపెట్టాడు. దానికి వచ్చిన గుర్తు 1928 యూఎఫ్. ఇందులో మొదటి అక్షరం నెలలో ఏ సగమో చెబుతుంది. ఏ అంటే జనవరి మొదటి సగం, బి అంటే రెండో సగం, ఇలా ఐ అక్షరాన్ని వదిలేసి వై వరకు 24 సగాలు. యూ అంటే అక్టోబర్ 16 నుంచి 31. రెండో అక్షరం ఆ సగంలో ఎన్నోదో చెబుతుంది. ఎఫ్ అంటే ఆరోది. 1928 అక్టోబర్ రెండో సగంలో నమోదైన ఆరో కొత్త వస్తువు అన్నమాట. దానికి 1125 నంబరు వచ్చింది. జాంగ్ తన దేశం పేరే పెట్టాడు, చైనా అని.

కానీ ఆ ఒక్క దఫా కనిపించాక అది మళ్లీ ఎవరికీ చిక్కలేదు. కక్ష్య గట్టిగా కట్టేంత కొలతలు లేవు. నంబరుంది, పేరుంది, వస్తువు లేదు! జాంగ్ స్వదేశానికి తిరిగి వెళ్లాడు. 1957లో నాన్‌జింగ్‌లోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీలో మరో కొత్త గ్రహశకలం దొరికింది. గుర్తు 1957 యూఎన్1. ఇక్కడ చివరనున్న 1 ఏమిటంటే, రెండో అక్షరానికి వాడే 25 అక్షరాలూ అయిపోయి మళ్లీ మొదటికి వచ్చారని. ఎన్ పదమూడో అక్షరం, 25 కలిపితే 38వది. పోయిన దాని బదులు ఈ కొత్తదానికి 1125 నంబరునూ చైనా పేరునూ ఇచ్చేశారు, జాంగ్ ఒప్పుకున్నాకే. ఆ తర్వాత 1986లో 1986 క్యూకే1 అని ఒక వస్తువు దొరికింది. కక్ష్య కట్టి వెనక్కి లెక్కిస్తే అది 1928లో షికాగో విద్యార్థి చూసిన అదే చుక్క. 58 ఏళ్ల తర్వాత! దాని పేరు అప్పటికే ఇంకొకదానికి వెళ్లిపోయింది కాబట్టి 3789 నంబరుతో ఝోంగ్‌గువో అని పెట్టారు. చైనీస్ భాషలో చైనాకు పేరు అదే. ఒకే మనిషి, ఒకే దేశం, రెండు రాళ్లు. మొదటి దఫాలోనే ఇంకొన్ని రాత్రులు కొలిచి ఉంటే ఈ తికమకంతా ఉండేది కాదు.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. 1916లో అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో సెత్ నికల్సన్, హార్లో షాప్లీ కలిసి కనిపెట్టిన 878వ గ్రహశకలానికి షాప్లీ కూతురి పేరు పెట్టారు, మిల్డ్రెడ్ అని. అది పోయి, 75 ఏళ్ల తర్వాత 1991లో గారెత్ విలియమ్స్ లెక్కల్లో దొరికింది. ఈలోగా ఆ మిల్డ్రెడ్ పెద్దదై గ్రహశాస్త్ర గ్రంథాలకు సంపాదకురాలైంది కూడా. ఇంకా విచిత్రం 330 నంబరుది. 1892లో మాక్స్ వోల్ఫ్ ఫొటోలో చూసి నమోదు చేసిన ఆ వస్తువుకు అడాల్బర్టా అని పేరు కూడా స్థిరపడింది. 1982లో మళ్లీ పరిశీలిస్తే అక్కడ గ్రహశకలమే లేదు, రెండు వేర్వేరు నక్షత్రాలను ఒకే కదిలే వస్తువు అనుకున్నారు. వోల్ఫ్ ఆషామాషీ మనిషి కాదు, ఫొటోలతో గ్రహశకలాలు వెతికే పద్ధతిని 1891లో మొదలుపెట్టిందే ఆయన. తర్వాత ఆ నంబరునూ పేరునూ ఆయనే 1910లో కనిపెట్టిన వేరే గ్రహశకలానికి ఇచ్చారు. ఇలాంటివన్నీ అయ్యాకే ఇప్పుడు నంబరు ఇవ్వడానికి అంత జాగ్రత్త పడుతున్నారు. ఆలస్యం చేస్తున్నారని విసుక్కునేవాళ్లకు నేను చెప్పేది ఈ కథలే.

ఆ జాగ్రత్త ఇలా ఉంటుంది. గ్రహశకలం, భూమి, సూర్యుడు ఒకే వరసలో, మనం మధ్యలో ఉండేలా వచ్చే కాలాన్ని ఆపోజిషన్ అంటారు. దానికి కొన్ని వారాలు అటూ ఇటూ రాత్రంతా బాగా కనిపిస్తుంది. మెయిన్ బెల్ట్ వస్తువుకు ఇది సుమారు పదిహేను నుంచి పద్దెనిమిది నెలలకు ఒకసారి వస్తుంది. మామూలుగా నాలుగు ఆపోజిషన్లలో కొలతలు ఉంటేనే మెయిన్ బెల్ట్ వస్తువుకు నంబరు ఇస్తారు. నాలుగు సార్లు రావాలంటే ఎంత కాలమో మీరే లెక్కేసుకోండి. మధ్యలో ఒకసారి అది పాలపుంత నక్షత్రాల గుంపులో పడి కనిపించకపోతే ఇంకో ఏడాదిన్నర. పాత ఫొటోలు ఇక్కడ ఆదుకుంటాయి. కక్ష్య కొంత తేలాక, గతంలో ఎవరో వేరే పని మీద తీసిన ఫొటోల్లో ఆ రోజున అది ఉండాల్సిన చోట వెతికితే, ఎవరూ గమనించని మసక చుక్కగా దొరుకుతుంటుంది. ఒక్క పాత ఫొటోతో ఒక ఆపోజిషన్ కలిసి వస్తుంది. అలా దొరికిన రాత్రి నాకు నిద్ర పట్టదు.

ఇక ఆవిష్కర్త ఎవరు? చాలామంది గుండె చివుక్కుమనేది ఇక్కడే, అందుకే ముందే చెబుతున్నాను. అందరికంటే ముందు చూసినవాళ్లే ఆవిష్కర్త అని నిబంధన లేదు. నంబరు ఇచ్చే రోజునే ఆవిష్కర్త ఎవరన్నది తేలుస్తారు. 2010 అక్టోబర్ నుంచి ఉన్న పద్ధతి ప్రకారం, ఏ ఆపోజిషన్‌లో రెండో రాత్రి కొలత అన్నిటికంటే ముందు రిపోర్టు అయిందో చూస్తారు. ఆ ఆపోజిషన్‌లో మొదటి కొలత పంపినవాళ్లకే ఆవిష్కరణ దక్కుతుంది. మీరు ఈ సంవత్సరం ఒక రాత్రి చూసి వదిలేశారనుకోండి. మూడేళ్ల కిందట వేరొక సర్వే, అంటే ఆకాశాన్ని వరసగా ఫొటోలు తీస్తూ వెతికే ప్రాజెక్టు, దాన్నే రెండు రాత్రులు కొలిచి పంపి ఉంటే ఆవిష్కరణ వాళ్లది. అలాంటి పాత జత లేకపోయినా, వచ్చే ఏడాది ఇంకెవరో రెండు రాత్రులు కొలిస్తే వాళ్లదే అవుతుంది. నాకు ఈ నిబంధన న్యాయంగానే తోస్తుంది. చూసి ఊరుకున్నవాళ్ల కంటే, వెంటపడి రెండో రాత్రి పట్టుకున్నవాళ్ల వల్లే ఆ వస్తువు మనకు దక్కింది కదా.

మీ విషయంలో ఇంకో మెలిక ఉంది. మీరు చూసిన ఫొటోలు ఒక పెద్ద సర్వే టెలిస్కోప్ తీసినవి. అధికారిక పట్టికలో ఆవిష్కర్త గడిలో సాధారణంగా ఆ సర్వే పేరే ఉంటుంది. పేరు సూచించే అవకాశం మీ జట్టుకు ఇస్తారా, ఎలా ఇస్తారు అన్నది మీ కార్యక్రమానికీ ఆ సర్వేకీ మధ్య ఉన్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. దీన్ని కార్యక్రమం నడిపేవాళ్లను ఇప్పుడే, రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి. ఏళ్ల తర్వాత అడిగితే అప్పటి మనుషులు అక్కడ ఉండకపోవచ్చు.

పేర్ల సంగతి చెప్పుకోవడం సరదాగా ఉంటుంది. నంబరు వచ్చిన రోజు నుంచి పదేళ్ల పాటు పేరు సూచించే హక్కు ఆవిష్కర్తది. అంతర్జాతీయ ఖగోళ సంఘంలో చిన్న వస్తువుల పేర్లు చూసే బృందం ఒకటి ఉంది, అది ఒప్పుకోవాలి. పేరు ఇంగ్లిష్ లిపిలో ఖాళీలతో కలిపి 16 అక్షరాలకు మించకూడదు, వీలైతే ఒకే మాటగా ఉండాలి, నోరు తిరగాలి, ఎవరినీ నొప్పించకూడదు, ఇప్పటికే ఉన్న పేరుకు మరీ దగ్గరగా ఉండకూడదు. రాజకీయాలతోనో యుద్ధాలతోనో పేరు తెచ్చుకున్నవాళ్లయితే చనిపోయి వందేళ్లు దాటాలి. వ్యాపార ప్రచారానికి పనికొచ్చే పేర్లు కుదరవు. ఎవరి పేరు వాళ్లే పెట్టుకోకూడదు. ఆ పేరు ఎందుకో చెప్పే రెండు మూడు వాక్యాలు కూడా రాయాలి, అవి శాశ్వతంగా రికార్డులో ఉంటాయి. అమ్మమ్మ గురించి ఆ రెండు వాక్యాలు ఏం రాస్తారో ఇప్పటి నుంచే ఆలోచించుకోండి. నిజంగా కష్టమైన పని అదే.

పెంపుడు జంతువుల పేర్లు వద్దని కూడా అంటారు. దాని వెనక కథ ఉంది. మాక్స్ వోల్ఫ్ తన కుక్కల పేర్లతో 482 పెట్రినా, 483 సెప్పినా అని పెట్టాడు, అప్పట్లో ఎవరూ ఏమీ అనలేదు. 1971లో కనిపెట్టిన 2309కి జేమ్స్ గిబ్సన్ తన పిల్లి పేరు పెట్టాడు, మిస్టర్ స్పాక్ అని. దాని మీద అభ్యంతరాలు వచ్చాయి, అప్పటి నుంచి అలాంటి పేర్లను ప్రోత్సహించడం లేదు. డబ్బుకు పేరు అమ్మడం కూడా ఒకప్పుడు జరిగింది. 1885లో యొహాన్ పలీసా సూర్యగ్రహణ యాత్రకు డబ్బు కావాలని, తాను కనిపెట్టిన గ్రహశకలానికి పేరు పెట్టే హక్కును 50 పౌండ్లకు ఇస్తానని ప్రకటించాడు. ఆల్బర్ట్ ఫాన్ రాత్‌చైల్డ్ కొని తన భార్య పేరు పెట్టాడు. అదే 250 బెట్టీనా. ఇప్పుడు ఆ వీలు లేదు. డబ్బు కడితే గ్రహశకలానికి మీ పేరు పెడతాం అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ పేరు అధికారిక పట్టికలో ఉండదు.

మన దగ్గర కనిపెట్టినవాటి పేర్లు కూడా తెలుసుకోవాల్సినవే. 1861 ఏప్రిల్ 17న మద్రాసు అబ్జర్వేటరీలో నార్మన్ పాగ్సన్ 67వ గ్రహశకలాన్ని కనిపెట్టాడు. ఈ ఖండంలో కనిపెట్టిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అని పేరు వచ్చింది. అప్పటికి గ్రహశకలాలను ఫొటోలతో వెతకడం మొదలుకాలేదు. నక్షత్రాల పటం పక్కన పెట్టుకుని, టెలిస్కోప్‌లో కనిపించే ప్రతి చుక్కా పటంలో ఉందా లేదా అని కంటితో పోల్చుకోవాలి. 1885లో ఆయనే మద్రాసులో కనిపెట్టిన 245 వేరా తర్వాత ఇక్కడి నుంచి కొత్త గ్రహశకలం రావడానికి వందేళ్లు దాటింది. 1988లో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో ఆర్. రాజమోహన్ కనిపెట్టిన 4130కి రామానుజన్ పేరు పెట్టారు. ఆ నంబరు వినగానే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో అపోహ కూడా పోగొట్టాలి. పత్రికల్లో ఫలానా విద్యార్థి పేరుతో గ్రహశకలం అని వార్త వస్తే, అది ఆ విద్యార్థి కనిపెట్టాడనే అర్థం కాదు. అంతర్జాతీయ సైన్స్ పోటీల్లో గెలిచిన పిల్లల పేర్లను, అమెరికాలోని లింకన్ లాబొరేటరీ సర్వే కనిపెట్టిన గ్రహశకలాలకు పెట్టే ఏర్పాటు ఒకటి నడిచింది. అది గౌరవం. మీది వెతుకులాట. రెండూ వేర్వేరు.

పేరున్నవి ఎన్ని అని కూడా చాలామంది అడుగుతుంటారు. నంబర్లు వచ్చినవి 8 లక్షలు దాటాయి, పేర్లున్నవి సుమారు 25 వేలు. అంటే నూటికి మూడు. మిగతావి నంబరుతోనే తిరుగుతున్నాయి, వాటి కక్ష్యలకు వచ్చిన లోటేమీ లేదు.

ఇక మీరు చేయాల్సినవి. మీ రిపోర్టులో ఆ వస్తువుకు మీ జట్టు పెట్టిన సొంత గుర్తు, తేదీ, నాలుగు స్థానాలు, సమయాలు భద్రంగా దాచుకోండి. ఆ వారం రోజుల్లో అదే ప్రాంతం తీసిన వేరే రాత్రి ఫొటోలు ఉన్నాయేమో కార్యక్రమం వాళ్లను అడగండి. మీ కదలిక వేగంతో ముందుకు, వెనక్కి గీత గీసి, రెండు మూడు రాత్రుల అవతల అది ఎక్కడ ఉండాలో చూడండి. తక్కువ రోజులే కాబట్టి ఈ సాదా గీత చాలావరకు పనిచేస్తుంది. దొరికితే మీ నాలుగు అంకెలు ఆరు అవుతాయి. దొరకకపోతే, మైనర్ ప్లానెట్ సెంటర్ వెబ్‌సైట్‌లో అప్పుడప్పుడూ చూస్తూ ఉండండి, ఎవరిదో కొలత మీదానితో కలిసి ఉండొచ్చు.

ఆలస్యం మాత్రం చేయకండి. 2025 జూన్‌లో చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ తొలి ఫొటోలు విడుదల చేసినప్పుడు, పది గంటల చిల్లర పరిశీలనలోనే అంతకుముందు ఎవరూ చూడని 2,104 గ్రహశకలాలు కనిపించాయని చెప్పారు. దాని అద్దం 8.4 మీటర్లు. అది పూర్తిస్థాయిలో పనిచేస్తుంటే మసకగా మిగిలిపోయిన మెయిన్ బెల్ట్ వస్తువులు చాలావరకు దాని ఖాతాలోకే వెళ్తాయి. మీ చుక్కకు రెండో రాత్రి ఇప్పుడు దొరికితే దొరికినట్టు.

ఆ నాలుగు స్థానాలూ సమయాలూ ఇక్కడ రాయండి. ముందు తెలిసిన వస్తువుల్లో ఏదైనా ఆ చోట ఉందేమో చూస్తాను, తర్వాత ముందూ వెనకా ఐదు రాత్రులకు దాని దారి లెక్క కట్టి ఇస్తాను. మీ ఫొటోలు తీసిన సమయం ఫైలులో షట్టర్ తెరిచిన క్షణానిదా, మధ్య క్షణానిదా అన్నది కూడా అడిగి తెలుసుకుని రాయండి. కొలతకు మధ్య క్షణమే కావాలి.